బంగారు తీగ, పసుపు తాడు

అత్తయ్యగారి కార్యక్రమాలన్నీ ముగిసి, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయి, అద్దెకి తెచ్చిన కుర్చీలు కూడా వెనక్కి పోయాక, ఆవిడ అలమర సర్దడానికి కూర్చున్నాను. ఏడుపొస్తుందేమోనని అందరూ నన్ను ఒంటరిగా వదిలేశారు. రాలేదు. మండాయ్ దహనశాలలో అద్దం ఇవతల నిలబడి ఆవిడని పంపించేటప్పుడూ రాలేదు, ఇంటికొచ్చి ఆవిడ మందుల డబ్బా తీసేటప్పుడూ రాలేదు. "మహా గట్టిది" అని ఒకావిడ, "ఇద్దరికీ ఎప్పుడూ పడేది కాదుగా" అని ఇంకో ఆవిడ, నాకు వినపడేంత దగ్గర్లోనే అనుకున్నారు. రెండూ నిజమే. ఆ మాటలకి నాకు కోపం కూడా రాలేదు. వింతగా అనిపించింది అదొక్కటే, ఎందుకంటే కోపం తెచ్చుకోవడంలో నాకు మంచి పేరుంది. మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి "అమ్మా, యూ ఓకే ఆర్ నాట్? క్రై ఆల్సో కెన్, లా" అంది. "కెన్. కానీ రావట్లేదు" అన్నాను. పళ్ళ డాక్టరు దగ్గర మత్తు సూది వేయించుకుని వచ్చాక పెదవి తడుముకుంటే అది మనది కానట్టుంటుంది చూడండి, అలా ఉంది నాకు, ఒళ్ళంతా.

అలమరలో పెద్దగా ఏమీ లేవు. నేత చీరలు, ఆవిడ తప్ప ఎవరూ వాడని ఇనప అట్లకాడ ఒకటి, ఊరగాయ జాడీల మూతలకి కట్టే గుడ్డలు, పాత కళ్ళజోళ్ళు. అన్నిటికీ వెనక ఓ ఖాళీ మాత్రల సీసా. అందులో ఎండి ముడుచుకుపోయిన పసుపు కొమ్ము, దానికి కట్టిన దారం. దారానికి ఒకప్పుడు రంగుండేదని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. నాకు తెలుసు. అది నా మెడలోది. ఆవిడ దాన్ని ఎందుకు దాచారో నాకు తెలీదు. ఏదీ పారేసే మనిషి కాదు గనక దాచారని అనుకోవడం తేలిక.

ఆ తాడు నా మెడలో ఉన్న రోజులు సాఫ్ట్‌వేరు పాలపొంగులా పొంగుతున్న రోజులు. కొత్త శతాబ్దం వస్తే కంప్యూటర్లన్నీ తారీఖు మర్చిపోతాయని లోకమంతా భయపడుతుంటే, ఆ భయం పుణ్యమా అని మనవాళ్ళకి విమానం టిక్కెట్లు దొరికేవి. క్లెమెంటి స్టేషన్లో రైలు దిగే తెలుగువాళ్ళలో జంతుశాస్త్రం చదివినవాడూ ప్రోగ్రామరే, సివిలింజనీరూ ప్రోగ్రామరే. మా ఆయన మురళి కూడా అదే పని. నేను మాత్రం ఎమ్మెస్సీ ఫిజిక్సు చేసి, పెళ్ళయి, చైనావాళ్ళెక్కువగా ఉండే ఈ చిన్న ద్వీపదేశానికొచ్చి, యూనివర్సిటీలో లోహాల అతుకుల మీద పరిశోధనకి కుదిరాను. ఎవరింటికి భోజనానికెళ్ళినా ఇదే భాగోతం. "నువ్వేం చేస్తావమ్మా?" "లోహాలు ఒకదానికొకటి ఎలా అతుక్కుంటాయో చూస్తానండీ." "అంటే వెల్డింగా?" పక్కన ఎవరో ఒకరు నవ్వేవారు. మా అంతస్తులోనే ఉండే హైదరాబాదు నస్రీనాంటీ అయితే జాలిపడేవారు. "నీకెందుకు బేటా ఈ లోహాల గొడవ. జావా నేర్చుకోరాదు? మా చెల్లెలి బిడ్డ మూడు నెలల్ల నేర్చుకుంది, ఏసీల కూసోని ఉద్యోగం." మాదీ ఏసీయే ఆంటీ, ఆ మాటకొస్తే మీ చెల్లెలి కూతురి ఆఫీసు కంటే చల్లన, అని చెప్పేదాన్ని. నేనేదీ ఊరికే వదిలేసేదాన్ని కాదు.

వెల్డింగు కాదని చెప్పడానికి నేనెంత గొంతు చించుకున్నా ఎవరూ వినలేదు కనక ఇక్కడ చెప్పుకుంటాను. ఏ చిప్పు విప్పి చూసినా లోపల తలవెంట్రుక కంటే సన్నటి తీగలుంటాయి. అప్పట్లో అవి బంగారువి. తీగ కొసని చిన్న బంతిలా కరిగించి, చిప్పు మీదుండే అల్యూమినియం గడి మీద ఆనించి, కొంచెం వేడి, కొంచెం ఒత్తిడి, చెవికి వినపడని ఓ వణుకు ఇస్తే రెండూ అతుక్కుపోతాయి. ఆ అతుకు దగ్గర లోహం కరగదు, జిగురు ఉండదు. అల్యూమినియం మీద గాలి తగిలిన క్షణం నుంచీ ఒక పలచటి పొర ఉంటుంది, ఆ వణుకుకి అది చితికి పక్కకి పోతుంది. లోపలి పచ్చి లోహం వచ్చి బంగారాన్ని తాకుతుంది. తాకాక ఇంక వాటికి సరిహద్దుతో పని లేదు, ఎలక్ట్రాన్లు అటూ ఇటూ తిరిగేస్తాయి. అంటే లోహాల్ని అతికించడానికి ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు, మధ్యలో అడ్డం లేకుండా చూస్తే చాలు. కష్టమంతా ఆ అడ్డం తియ్యడంలోనే. అతుకు పడ్డాక కూడా కథ అయిపోదు. ఏళ్ళ తరబడి వేడిలో ఉంటే రెండు లోహాలూ ఒకదాంట్లోకి ఒకటి నడుస్తాయి. సరిహద్దులో ఒక కొత్త పదార్థం పుడుతుంది, అచ్చంగా వంకాయ రంగులో. మా రంగంలో దాన్ని తెగులు అంటారు. పైగా రెండూ ఒకే వేగంతో నడవవు. త్వరగా వెళ్ళిపోయినదాని వెనక ఖాళీలు మిగుల్తాయి, అవన్నీ చేరి చిల్లులవుతాయి, ఓ రోజు తీగ ఊడి చేతికొస్తుంది. ఇది వినగానే కాపురాలతో పోల్చాలని చాలామందికి నాలుక దురద పుడుతుంది. నాకు పుట్టదు. లోహాలకి అత్తగార్లుండరు.

నాకుండేవారు. మామగారు మా పెళ్ళికి ముందే పోయారు. మా పెళ్ళయిన కొన్ని నెలలకే అత్తయ్యగారు తెనాలి వైపు నుంచి ఓ ట్రంకు పెట్టె, రెండు జాడీలు, తన మడి పట్టుకుని క్లెమెంటిలో దిగారు. పన్నెండో అంతస్తులో మడి ఏమిటని నవ్వాను. ఆవిడకి అదేమంత కష్టం కాలేదు. ఇక్కడి ఫ్లాట్లలో వంటింటి కిటికీ బయట గోడకి గొట్టాలుండేవి, వాటిల్లోకి పొడుగాటి వెదురు గడలు గుచ్చి బట్టలారేసేవాళ్ళం. ఆవిడ చీర ఆ గడ చివర, ఆకాశంలో వేలాడేది. "ఊళ్ళో అయితే దండెం మీద ఆరేస్తే ఏ పిల్లాడో వచ్చి ముట్టుకునేవాడు. ఇక్కడ ముట్టుకునేదెవరే, కాకులు తప్ప" అని మురిసిపోయేవారు. పొద్దున్నే తలమీద నుంచి స్నానం చేసి, ఆ చీర కట్టుకుని వంట మొదలెడితే, వంటయ్యేదాకా నేను గుమ్మం దాటి లోపలికి వెళ్ళకూడదు. ఇంగువ వాసన, తడి జుట్టు వాసన, కింద ఇంట్లోంచి రొయ్యల ముద్ద వేగుతున్న వాసన కలిసి వచ్చేవి. ఆ మూడోది వచ్చినప్పుడల్లా "శివశివా" అని కిటికీ మూసేవారు. మళ్ళీ ఉక్కపోసి తెరిచేవారు. నాకిప్పటికీ ఆ మూడు వాసనలూ విడివిడిగా గుర్తు రావు.

ఇంకో అలవాటుండేది. కొడుకు ఆఫీసుకి బయల్దేరే వేళకి ఆవిడ వంటింట్లోంచి అడుగు బయట పెట్టేవారు కాదు. బయటికెళ్ళేవాళ్ళకి తను ఎదురు రాకూడదట. నేను బయల్దేరేటప్పుడూ అంతే, గోడ అవతల నుంచి "వెళ్ళొస్తున్నావా" అనే మాట తప్ప మనిషి కనపడేవారు కాదు. "ఏమిటండీ ఈ చాదస్తం, సొంత కొడుక్కి మీరు అపశకునమా?" అని దెబ్బలాడేదాన్ని. "నా చాదస్తం నా వంటింట్లోనే ఉందిగా. నీ దారికేం అడ్డమొచ్చిందీ?" అనేవారు. ఆ మాట సబబుగానే ఉండేది. అందుకే ఇంకా ఒళ్ళు మండేది.

లాబులో నగలు పెట్టుకోకూడదు. నేను మెళ్ళోవి తీసి బయట లాకర్లో పెట్టి, తెల్ల కోటూ టోపీ చేతితొడుగులూ వేసుకుని లోపలికెళ్ళేదాన్ని. ఓసారి మళ్ళీ వేసుకోవడం మర్చిపోయి ఇంటికొచ్చాను.

"మెడ బోసిగా ఉందేమే?" అన్నారు.

"లాబులో ఉన్నాయి అత్తయ్యగారూ. లాకర్లో."

"పుస్తెలు తాళం డబ్బాలో పెట్టొచ్చావా? గొడుగనుకున్నావా, చెప్పులనుకున్నావా?"

"అక్కడి నియమం అంతే. ధూళి కూడా ఉండకూడదు. బయటి బట్ట లోపలికి రాకూడదు, లోపలిదాన్ని ఉత్త చేత్తో తాకకూడదు. ఒకళ్ళు తప్పు చేస్తే అందరిదీ చెడుతుంది."

ఆవిడ చేతిలోని గరిటె పక్కన పెట్టారు. "అంటే మడి" అన్నారు.

నేను కాదనబోయాను. "ఆ... అలాంటిదే."

"అయితే ఈ చైనావాళ్ళకీ మడుందన్నమాట" అని లోపలికెళ్ళారు, ఈ ఊరి మీద మొదటిసారిగా కాస్త గౌరవం కలిగినట్టు. కానీ విషయం వదల్లేదు. రాత్రి భోజనాల దగ్గర అడిగారు. "వాళ్ళు వద్దన్నది లోహమేగా? పసుపు లోహమా?" కాదన్నాను. "మరింకేం. పసుపు తాడు కట్టుకో. బంగారం బీరువాలో ఉంటుంది." మా ఆయన మజ్జిగన్నంలోంచి తలెత్తి, ఇదేదో బాగానే ఉందే అన్నట్టు చూశారు. అలా రాజీ కుదిరింది. రోజూ పొద్దున్న తెనాలి పసుపు కొంచెం నీళ్ళతో కలిపి గిన్నెలో వంటింటి గుమ్మం మీద పెట్టేవారు. నేను తాడుకి రాసుకుని వెళ్ళేదాన్ని. లోహం కాదు గనక నేనూ ఆలోచించలేదు, భౌతికశాస్త్రంలో పెద్ద పట్టా ఉన్నదాన్ని.

ఆ తర్వాత నా అతుకులు పడటం మానేశాయి. బంగారు బంతి అల్యూమినియం గడి మీద వాలేది, వణికేది, పైకి లేచేటప్పుడు మాత్రం ఏ బంధమూ లేనట్టు తీగతో పాటే లేచి వచ్చేసేది. కొన్ని పడేవి. పడినవి కూడా కొక్కెంతో లాగి చూస్తే చిన్న బలానికే ఊడిపోయేవి. మా పనికి నమూనాలిచ్చేది జురాంగ్ వైపుండే ఒక కంపెనీ. తప్పు వాళ్ళ అల్యూమినియందే అన్నాను. పొర మందంగా ఉందన్నాను, అందులో సిలికాన్ ముద్దలున్నాయన్నాను, శుభ్రం చేసిన రసాయనం మిగిలిపోయిందన్నాను. ఒక్కో వాదనకి ఒక్కో గ్రాఫు గీసి మరీ మా ప్రొఫెసర్ లిమ్ బల్ల మీద పెట్టాను. ఆయన నెమ్మదస్తుడు, పలచటి మనిషి, చల్లారిపోయిన కాఫీ కూడా ఓపిగ్గా తాగేవాడు. అన్నీ చదివి, "ఉమా, అదే బ్యాచి అల్యూమినియం వాళ్ళ ఫ్యాక్టరీలో అతుక్కుంటోంది" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. టర్ము చివర కంపెనీవాళ్ళొస్తారు. అతుకులు నిలబడకపోతే వాళ్ళు తప్పుకుంటారు. వాళ్ళు తప్పుకుంటే నా సీటు ఉండదు.

ఇంట్లో ఇది చెప్తే మా ఆయన బాధపడలేదు. చెడ్డ మనిషి కాదు, ఆ రోజుల్లో అందరిలాగే ఆలోచించేవారు. "పోనిద్దూ. మా ఆఫీసులో టెస్టింగులో మనుషుల్ని తీసుకుంటున్నారు. వచ్చే నెల్లోనే చేరొచ్చు. కోట్లూ టోపీలూ ఉండవు, ఏదీ తియ్యక్కర్లేదు. మెళ్ళో బంగారం మెళ్ళోనే ఉంటుంది, హాయిగా కూచుని కీబోర్డు కొట్టుకో." అంతా అంత సులువుగా ఉండటానికే నాకు భయం వేసింది. చిన్నప్పట్నించీ నేను వాదించి సంపాదించుకున్నది ఆ ఒక్క కుర్చీయే, మైక్రోస్కోపు ముందుండే గుండ్రటి కుర్చీ. అది పోతే నాకేదో అయిపోతుందని కాదు. ఏమీ కాదు. అదే భయం. ఏమీ కాకుండా, అందరిలో కలిసిపోయి, క్లెమెంటి స్టేషన్లో ఇంకో ప్రోగ్రామరు దిగుతుంది.

కంపెనీవాళ్ళొచ్చే ముందు లాబంతా ఒకసారి ధూళి పరీక్ష చెయ్యాలన్నాడు లిమ్. మధ్యాహ్నం భోజనాలయ్యాక లైట్లార్పి, అతినీలలోహిత దీపం ఒకటి చేత్తో పట్టుకుని నడిచాడు. ఆ కాంతిలో గుడ్డపీచూ, దుమ్మూ నీలంగా మెరుస్తాయి. కొద్ది కొద్దిగా మెరిశాయి, ఎక్కడైనా ఉండేవే. నా బల్ల దగ్గరికొచ్చేసరికి ఆగాడు. నా పట్టకారు కొసల మీద నిమ్మపండు రంగులో వెలుగుతున్న చుక్కలు. యంత్రం పిడి మీద. నమూనా పళ్ళెం అంచు మీద. నా చేతితొడుగు బొటనవేలి మీద, చూపుడువేలి మీద. ఆ చుక్కల వెంబడే దీపం మెల్లగా పైకెత్తాడు, నా మొహం దాకా. ఎదురుగా ఉన్న స్టీలు బీరువా తలుపులో నాకు నేను కనపడ్డాను. మొహం చీకట్లో ఉంది. మెడ చుట్టూ మాత్రం ఓ పచ్చటి వలయం వెలుగుతోంది.

"వాట్ ఈజ్ దట్, ఆ?" అన్నాడు లిమ్.

ఆలోచించేటప్పుడు మెళ్ళో ఏముంటే దాన్ని వేలికి చుట్టుకోవడం నా చిన్నప్పటి అలవాటు. అతుకులు పడనప్పుడు ఎక్కువ ఆలోచించాను. ఎక్కువ ఆలోచించినకొద్దీ అతుకులు ఇంకా పడలేదు. అంతే జరిగింది. అందులో గూఢమేమీ లేదు. అణువుల దొంతర అంత మందం ఉంటే చాలు, ఆ పసుపు జిడ్డు బంగారానికీ అల్యూమినియానికీ మధ్య కూచుంటుంది, ఎంత వణికించినా లేవదు. వంకాయ రంగు తెగులు గురించి వారాల తరబడి పాఠాలు చెప్పినదాన్ని, పసుపు రంగుది మెళ్ళో వేసుకుని తిరిగాను.

"ఇది నా పెళ్ళి, ప్రొఫెసర్" అన్నాను. వాదనకి దిగాలనే అనుకున్నాను, గొంతు మాత్రం మామూలుగానే పలికింది.

ఆయన దీపం ఆర్పాడు. "మంచిది. దాన్ని బయట లాకర్లో పెట్టి రా" అన్నాడు.

ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే చెప్పాను. "అత్తయ్యగారూ, మీ పసుపు వల్లే నా పని చెడింది."

"పసుపు వల్ల పని చెడటం నా జన్మలో వినలేదు."

"కళాయి పెట్టేవాడు ఏం చేసేవాడు? ముందు గిన్నె తోమి, కాల్చి, నవాసారం చల్లేవాడా లేదా? జిడ్డుంటే తగరం పట్టేదా?"

"పట్టదు. ముద్దలు ముద్దలుగా జారిపోతుంది."

"ఇదీ అంతే. బంగారానికీ అల్యూమినియానికీ మధ్య పసుపు చేరింది. మురికి చేరితే అతకదు."

ఆవిడ మొహం ఎర్రబడింది. "పసుపు మురికా? నోరు కడుక్కో. పుండు మీద వేస్తే మానేది, గుమ్మానికి రాస్తే పురుగు రానిది, అది మురికంటావా?"

"మీ గుమ్మానికి కాదు. నా దానికి మురికే."

మా ఆయన మధ్యలోకొచ్చారు. "అమ్మా, నువ్వు ఊరుకో. ఉమా, నువ్వూను. ఎలాగూ టెస్టింగు ఉద్యోగం ఉందన్నాగా. రేపు నేను మాట్లాడతాను. అక్కడ ఈ గొడవే ఉండదు. మెళ్ళోది మెళ్ళో ఉంటుంది, నీకూ శాంతి, అమ్మకీ శాంతి."

నేను జవాబు చెప్పలేదు. నా పెళ్ళయ్యాక నేను జవాబు చెప్పకుండా ఊరుకోవడం అదే మొదలు. అత్తయ్యగారు నా వైపు చూశారు. తర్వాత కొడుకుని కాదు, నన్ను అడిగారు.

"ఆ అద్దాల గదిలోకి వెళ్ళకపోతే ఏమౌతుందే నీకు?"

"ఏమీ కాదు" అన్నాను. నిజమే చెప్పాను.

ఆవిడ తల పంకించారు, నేను ఏదో వివరంగా చెప్పినట్టు. "మీ మడిలోకి మైల పట్టుకెళ్ళావన్నమాట. అదీ నేను కలిపిచ్చింది. ఎవరి మడి వాళ్ళది" అన్నారు. చెయ్యి చాపి, "ఆ తాడు ఇలా ఇవ్వు" అన్నారు. తీసిచ్చాను. బీరువాలోంచి బంగారం తెచ్చి వేసుకోమన్నారు. వేసుకున్నాను. "పొద్దున వెళ్ళేటప్పుడు నా చేతికియ్యి. తాళం డబ్బాలో వద్దు. అవి ఒంటి వేడి తగ్గి చల్లబడకూడదు. సాయంత్రం ఇస్తాను."

"నీ చేతికా అమ్మా? నువ్వు..." అని మా ఆయన ఆగిపోయారు.

"నేనే. ఇంట్లో ఇంకెవరున్నారు? ఆ నస్రీనుకిమ్మంటావా?" అని లోపలికెళ్ళి పోపు వేశారు.

మర్నాడు పొద్దున నేను బయల్దేరుతుంటే అత్తయ్యగారు వంటింట్లోంచి బయటికొచ్చారు. గుమ్మం దగ్గర, చెప్పుల స్టాండు పక్కన, నాకు ఎదురుగా నిలబడ్డారు. చెయ్యి చాపారు. నేను గొలుసు తీసి అరచేతిలో పెట్టాను. చీర చెంగు కొసలో ముడేసి, బొడ్లో దోపుకుని, "పద, లిఫ్టు వస్తుంది" అన్నారు. నేను వెళ్ళిపోయాను. ఆవిడ గుమ్మంలోకి ఎలా వచ్చారో ఆలోచించలేదు. బస్సు ఆలస్యమవుతోందని మాత్రం ఆలోచించాను.

సాయంత్రం తిరిగిస్తే మెళ్ళో వేసుకున్నాను. వెచ్చగా ఉంది. రోజూ అలాగే ఉండేది. వంట పొయ్యి దగ్గర నిలబడి, కూరలు తరిగి, మధ్యాహ్నం నడుం వాల్చి, ఆవిడ రోజంతా దాన్ని మోసిన వేడి అది. నాకిది కూడా వాదనే అయింది. "బంగారానికి సొంత వేడి ఏమీ ఉండదు అత్తయ్యగారూ. ఇట్టే వేడెక్కుతుంది, ఇట్టే చల్లారుతుంది. ఎక్కడుంటే అక్కడి వేడే దానిది. దీన్ని కాపాడేదేమిటి, నా మొహం."

"అందుకేగా నా దగ్గర పెట్టుకుంటున్నాను" అన్నారు.

అతుకులు పడ్డాయి. కంపెనీవాళ్ళొచ్చారు, కొక్కెంతో లాగి చూశారు, తీగ మధ్యలో తెగింది గానీ అతుకు ఊడలేదు. అలా తెగితే మాకు పండగ. నా సీటు నాకుంది, తర్వాత పట్టా వచ్చింది, తర్వాత ఉద్యోగాలు, ఇప్పుడు వన్-నార్త్‌లో ఓ అద్దాల భవనంలో నా కింద కొంతమంది పని చేసే లాబు. ఆ రోజు నన్ను జావా నేర్చుకోమన్నవాళ్ళలో కొందరు ఆ సాఫ్ట్‌వేరు బుడగ పేలినప్పుడు పెట్టెలు సర్దుకుని వెళ్ళారు, కొందరు మళ్ళీ వచ్చారు, కొందరు ఇప్పుడు నన్ను మీ లాబులో మా పిల్లకి ఇంటర్న్‌షిప్పు దొరుకుతుందా అని అడుగుతారు. వెల్డింగండీ, పర్వాలేదా, అంటాను. మేం తర్వాత మారిన కొత్త ఫ్లాటుకి కిటికీ బయట వెదురు గడలు లేవు. బట్టలు లోపలే స్టాండు మీద ఆరతాయి, మడి లేదు, అందరూ ముట్టుకుంటారు. బంగారం ధర పెరిగి, తీగలు చాలా చోట్ల రాగివి అయిపోయాయి. రాగి గట్టిది, మొండిది, ఎక్కువ ఒత్తిడి పెట్టాలి, కింద గడి పగలకుండా చూసుకోవాలి. వంకాయ రంగు కనపడటం తగ్గిపోయింది. కొత్తగా చేరిన పిల్లలకి దాని ఫోటోలే చూపిస్తాను. వాళ్ళు "ప్రెట్టీ, సియా" అని ఇక్కడి యాసలో మురిసిపోతారు.

అయితే లోపలికి వెళ్ళాలంటే నగలు తియ్యాలన్న నియమం మాత్రం మారలేదు. కాబట్టి పొద్దున్నే గుమ్మం దగ్గర ఆ చెయ్యీ మారలేదు. మేం దెబ్బలాడుకుని మాటలు మానేసిన రోజుల్లో కూడా చెయ్యి వచ్చేది, ఆవిడ మొహం మాత్రం పక్కకి తిరిగి ఉండేది. నా కూతురు పుట్టాక ఆ చెయ్యి చంకలో పిల్లతో వచ్చేది. చివరి ఏళ్ళలో ఆవిడకి మాటలు జారిపోవడం మొదలైంది. మనవరాలిని తన చెల్లెలి పేరు పెట్టి పిలిచేవారు, క్లెమెంటిని తెనాలి అనేవారు, నేనెవరో ఒక్కోసారి సందేహంగా ఉండేది. అయినా నేను చెప్పులు వేసుకునే చప్పుడు వింటే గోడ పట్టుకుని వచ్చి చెయ్యి చాపేవారు. ఎందుకు చాపుతున్నారో ఆవిడకి తెలుసో లేదో నేనడగలేదు. ఇచ్చేదాన్ని. సాయంత్రం నేనే వెళ్ళి ఆవిడ బొడ్లోంచి ముడి విప్పి తీసుకునేదాన్ని. నిద్రలో ఉంటే లేపకుండా. ఎప్పుడూ వెచ్చగానే ఉండేది.

ఎదురు రాకూడదని వంటింట్లో దాక్కున్న మనిషి, ఇన్నేళ్ళూ నాకు రోజూ ఎదురొచ్చారు. ఈ సంగతి నాకు మాత్రల సీసా చేతిలో పట్టుకుని, అలమర ముందు నేల మీద కూచున్నప్పుడు తట్టింది. లోహాల మధ్య అణువంత మందం ఉన్నదాన్ని కూడా పట్టుకోగలనని జీతం తీసుకునేదాన్ని నేను. తట్టాక కూడా ఏమీ కాలేదు. సీసా మూత పెట్టి, ఉన్నచోటే పెట్టేశాను.

సెలవు అయిపోయి, నిన్న మళ్ళీ పనికి వెళ్ళాను. చెప్పులు వేసుకుని, గొలుసు తీసి, చెయ్యి ముందుకి చాపాను. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలీదు, లిఫ్టు వచ్చి వెళ్ళిపోయిన చప్పుడు మాత్రం వినపడింది. మా ఆయన అటుగా వచ్చి, చూసి, తన చెయ్యి చాపబోయి, ఎందుకో ఆగిపోయారు. నేను గొలుసు చెప్పుల స్టాండు మీద, తాళాల పక్కన పెట్టి వెళ్ళాను.

సాయంత్రం వచ్చేసరికి అక్కడే ఉంది. ఎవరూ కదపలేదు. తీసి మెళ్ళో వేసుకున్నాను. చల్లగా ఉంది. మరీ చల్లగా ఏమీ కాదు, గది ఎంతుందో అంతే, పక్కనున్న తాళాలు ఎంతున్నాయో అంతే. నేను మొదట్నించీ చెప్తున్నదే. ఎక్కడుంటే అక్కడి వేడే దానిది.

"చూశారా?" అన్నాను, వంటింటి వైపు తిరిగి.